గోదావరి గట్లపై సైకిల్ విహారం - వంతెనలపై రైళ్ల వీక్షణం

రాజమహేంద్రవరం: రైళ్ల రాకపోకలను ఆసక్తితో పరిశీలించేవారికీ, సైకిల్‌పై పల్లెసీమలలో విహరించేవారికీ ఒకే రోజున రెండు ముచ్చట్లూ తీర్చగల ప్రదేశం రాజమహేంద్రవరం - కొవ్వూరు ప్రాంతం. చెన్నై - హౌరా ప్రధాన రైలు మార్గం గోదావరి నదిని దాటేది ఇక్కడే. మూడు కాలాలకు చెందిన మూడు వంతెనలను, వాటిలో రెండింటిపై సాగే రైళ్లను, పట్టాలపై అడుగు పెట్టకుండానే చూడగలగడం ఈ విహారం ప్రత్యేకత.

మూడు వంతెనలు - మూడు తరాలు

వీటిలో మొదటిది హేవ్‌లాక్ వంతెన. 1897లో ప్రారంభమైన దీని నిర్మాణం 1900 నాటికి పూర్తయింది. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ ఎలిబాంక్ హేవ్‌లాక్ పేరిట దీనికి ఆ పేరు వచ్చింది. 56 ఇనుప గర్డర్లతో కూడిన ఈ వంతెన దాదాపు ఒక శతాబ్దం సేవలందించి, 1997లో విశ్రాంతి పొందింది.

రెండవది 1974లో ప్రారంభమైన రోడ్డు - రైలు వంతెన. దీనిలో దిగువ అంతస్తున రైలు మార్గం, పై అంతస్తున రహదారి ఉన్నాయి. రహదారి భాగం పొడవు 4.1 కిలోమీటర్లు. మూడవది 1997లో పూర్తయిన ఆర్చి వంతెన. ఒక్కొక్కటి 97.55 మీటర్ల పొడవు గల 28 కాంక్రీటు విల్లులు దీనికి అందాన్ని, బలాన్ని ఇస్తున్నాయి. ఈ రెండు వంతెనలపైనా ఒక్కొక్క రైలు మార్గమే ఉన్నందున, రెండూ కలిసి జంట మార్గంగా ఉపయోగపడుతున్నాయి.

విహార మార్గం

ఉదయం వేళ పుష్కర ఘాట్ వద్ద బయలుదేరి, రోడ్డు - రైలు వంతెన మీదుగా కొవ్వూరు చేరవచ్చు. వంతెనపై సాగుతుండగా కింది అంతస్తున రైలు వస్తే ముందుగా చక్రాల చప్పుడు, ఆపై వంతెన కంపనం తెలుస్తాయి. కోరమండల్, రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లతో పాటు 2023లో ప్రారంభమైన విశాఖపట్నం - సికింద్రాబాద్ వందేభారత్ కూడా గోదావరిని దాటేది ఇక్కడే.

కొవ్వూరు గోష్పాద క్షేత్రం వద్ద విశ్రమించి, ఏటిగట్టు దారిన విజ్జేశ్వరం చేరుకోవచ్చు. అక్కడి నుంచి బ్యారేజీ రహదారిపై బొబ్బర్లంక మీదుగా ధవళేశ్వరం వెళ్లవచ్చు. సర్ ఆర్థర్ కాటన్ 1847 - 1852 మధ్య నిర్మించిన ఆనకట్ట స్థానంలో 1982లో నేటి బ్యారేజీ పూర్తయింది. ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియంను దర్శించి, సాయంత్రానికి తిరిగి పుష్కర ఘాట్ చేరితే, అస్తమయ కాంతిలో విల్లుల నీడన సాగే రైళ్లను తీరుబడిగా చూడవచ్చు.

భద్రతా జాగ్రత్తలు

ఛాయాచిత్రాల కోసం పట్టాలపైకి, రైలు వంతెనలపైకి వెళ్లడం ప్రాణాంతకం. విద్యుదీకరించిన ఈ మార్గంలో పట్టాలపై నుండే తీగలలో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తుంది. రైల్వే ప్రాంగణంలోకి అనుమతి లేకుండా ప్రవేశించడం రైల్వే చట్టం, 1989లోని 147వ సెక్షన్ ప్రకారం శిక్షార్హం. ఘాట్లు, ఏటిగట్లు, రహదారి వంటి సురక్షిత స్థలాల నుంచే రైళ్లు చక్కగా కనిపిస్తున్నప్పుడు ఇటువంటి సాహసానికి పూనుకోవలసిన అవసరమే లేదు.

రోడ్డు - రైలు వంతెనపై మరమ్మతుల సమయంలో రాకపోకలకు ఆంక్షలు విధించే అవకాశం ఉన్నందున, బయలుదేరే ముందు విచారించుకోవడం మంచిది. వరదల కాలంలో ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి, 13.75 అడుగులకు రెండవ, 17.75 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక జారీ అవుతాయి. ఆ రోజులలో గట్ల వెంట విహారం తగదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఇందుకు అనువైన కాలం.

వారసత్వ పరిరక్షణ

రైళ్లు ఆగిపోయిన తరువాత హేవ్‌లాక్ వంతెనను పరిరక్షించాలన్న కోరిక స్థానికుల నుంచి ఎన్నో ఏళ్లుగా వినవస్తున్నది. 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి ప్రాజెక్టులో ఈ వంతెన అభివృద్ధి కూడా ఒక భాగం. పాత వంతెన నిలిచి ఉంటేనే, పక్కనున్న కొత్త వంతెనల గొప్పతనం కూడా రాబోయే తరాలకు అర్థమవుతుంది. ఇనుప గర్డర్ నుంచి కాంక్రీటు విల్లు వరకు సాగిన ఇంజనీరింగ్ ప్రస్థానాన్ని ఒకే ఒడ్డున నిలబడి చూడగల అవకాశం అప్పుడే వారికి దక్కుతుంది.