బొమ్మ కొంటున్నారా? ఐఎస్‌ఐ గుర్తు చూశారా?

చిన్నపిల్లలు బొమ్మ దొరికితే ముందు నోట్లోనే పెట్టుకుంటారు. రంగులో సీసం ఉంటే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. అందుకే 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి.

పరిమితులు ఎవరు పెడతారు?
భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్‌) కమిటీల్లో అధికారులు, తయారీదారులు, నిపుణులు, వినియోగదారుల ప్రతినిధులు ఉంటారు. బొమ్మల నుంచి సీసం, కాడ్మియం వంటివి ఎంతకు మించి బయటకు రాకూడదో ప్రమాణంలో ఉంటుంది. కంపెనీ పరీక్షించుకోవాలి, బీఐఎస్‌ నమూనాలు తీసి సరిచూస్తుంది.

మినహాయింపు ఎవరికి?
నమోదైన హస్తకళాకారులకు, జీఐ గుర్తింపున్న బొమ్మలకు. కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్‌ బొమ్మలకు జీఐ ఉంది.

మీరేం చేయాలి?
గుర్తు కింద ‘సీఎం/ఎల్‌’తో మొదలయ్యే నంబరును బీఐఎస్‌ కేర్‌ యాప్‌లో కొట్టి చూడండి. కంపెనీ పేరు కలవకపోతే కొనొద్దు. అక్కడే ఫిర్యాదు చేయొచ్చు.