మంచం దిగనివ్వండి

గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పిన రోజు నుంచీ ఇంట్లో పెద్దావిడకి మంచమే లోకమైపోతుంది. చెంబెడు నీళ్లయినా కోడలే అందించాలి. ప్రేమతోనే సుమా! ధర్మవరంలో మా చిన్నత్త నలభై ఏళ్లు రాట్నం ముందు కూర్చుని పట్టు కండెలు చుట్టిన మనిషి. ఆసుపత్రి నుంచి వచ్చిన రెండు నెలలకే బాత్‌రూమ్‌కి పోవాలన్నా ఇంకొకరి భుజం కావలసి వచ్చింది. "గుండె సంగతి దేవుడెరుగు, నాకు కాళ్లు పోయినాయి మే" అంది.

హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు, ఒంటికి చాలినంత రక్తాన్ని అది తోడలేకపోవడం. అందుకే ఆయాసం, కాళ్ల వాపు. ఒకప్పుడు డాక్టర్లూ పూర్తి విశ్రాంతే అనేవారు. 2,331 మందితో జరిగి 2009లో వెలువడిన 'హెచ్ఎఫ్-యాక్షన్' పరిశోధనలో, జబ్బు కుదుటగా ఉన్నవాళ్లకి వ్యాయామం ప్రమాదం కాదని తేలింది. కానీ వాళ్లలో మరీ ముసలివాళ్లు తక్కువ. మన అత్తలకి పనికొచ్చేది 2021 నాటి అమెరికా 'రీహాబ్-హెచ్ఎఫ్'. ఆసుపత్రిలో చేరిన అరవై దాటినవాళ్లు 349 మందిని తీసుకుని, సగం మందికి బలం, నిలకడ, కదలిక, ఓపిక పెరిగే కసరత్తులు ఎవరి శక్తిని బట్టి వాళ్లకి నేర్పారు. మూడు నెలల్లో లేవడం, నడవడం బాగా మెరుగుపడ్డాయి. మళ్లీ ఆసుపత్రి పాలవడం మాత్రం పెద్దగా తగ్గలేదు. ఆ మాటా చెప్పాలి కదా!

పెనుకొండలో మా మేనమామ ఒకప్పుడు కొండెక్కి దిగినవాడు. ఇప్పుడాయన కసరత్తు కుర్చీలోంచి లేచి నిలబడి, మళ్లీ కూర్చోవడం. మొదట్లో అయిదుసార్లు. "ఇదీ ఒక కసరత్తేనా మే?" అని నవ్వుతాడు. తర్వాత వసారాలో ఆ చివర నుంచి ఈ చివరకి నడక. నడుస్తూ మాట్లాడగలగాలి, మాట తెగుతుంటే ఆగాలి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, కూర్చున్నా ఆయాసం, రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరగడం... వీటిలో ఏది కనిపించినా కసరత్తు ఆపి డాక్టరుకి చెప్పాలి. మొదలుపెట్టేముందు ఆయన అనుమతి తప్పనిసరి.

మా హిందూపురంలో ఇంకో చిక్కుంది. అత్తగారిని వీధిలో నడిపిస్తే, "పాపం, ముసలామెను ఎట్ల తిప్పుతోందో చూడు" అంటారు. ఆ మాటకి జంకే చాలామంది కోడళ్లు ఆమెని పడుకోబెట్టేస్తారు. గుండె వైద్యానికి పుట్టపర్తి దాకా, బెంగళూరు దాకా తీసుకుపోతాం; ఎంత దూరం నడవచ్చు, ఏ పని చేసుకోవచ్చు అని మాత్రం అడగం. డిశ్చార్జి రోజున మందుల చీటీ మీదే అదీ రాయించుకోండి. ఇరుగమ్మ అడిగితే చూపించవచ్చు.