పలుకని డబ్ల్యూ

ఆంగ్లభాషయందు డబ్ల్యూ, ఆర్ అను నక్షరములతో నారంభమగు చిన్నమాటలు కొన్ని గలవు. వీనిలో డబ్ల్యూ పలుకబడదు. అందుచే బాలబాలికలు పలుమారు దానిని విడిచి వ్రాయుదురు. డబ్ల్యూ లేని "రింగ్" అనగా నుంగరము. డబ్ల్యూ గల "రింగ్" అనగా గుడ్డను మెలిపెట్టి పిండుట. ఒక్క యక్షరము విడిచిన నర్థమే మారిపోవును.

పూర్వ మాంగ్లేయు లీ డబ్ల్యూను పలికెడివారు. 17వ శతాబ్దములో నా ధ్వని లోపించెను. అక్షరము మాత్రము నిలిచెను.

ఈ మాటలలో పెక్కింటికి మెలి, వంపు అను భావము గలదు. "రిస్ట్" అనగా చేయి తిరుగు మణికట్టు. "రీత్" అనగా చుట్టి యల్లిన పూలచక్రము. "రెంచ్" అనగా మెలిత్రిప్పుట. "రై" అనగా వంకరయైనది. "రాంగ్" అనగా తప్పు. దాని తొలియర్థమును వంకరయే. మనమును దుర్నడతను వక్రమార్గ మందుము గదా!

వ్రాయుట యను నర్థముగల "రైట్" ఈ కోవలోనిది కాదు. దాని తొలియర్థము గీరుట. మన "వ్రాయు" శబ్దమును వాడుకలో "రాయు" అయినది. ఈ రెండు మాటలకు చుట్టరికము లేదు. అయినను పోలిక జ్ఞాపకమునకు తోడ్పడును.

కావున విద్యార్థులారా, పలుకని యక్షరమును వ్యర్థమని త్రోసివేయకుడు. అర్థమును కాపాడుచున్నది యదియే.