మనామాలో మానామదురై ఘటం

బహ్రెయిన్ వచ్చి పదకొండేళ్లు దాటింది. సీఫ్ మాల్‌కి దగ్గరి దారి, సౌదీ వంతెన మీద రద్దీ లేని వేళ, కరివేపాకు తాజాగా దొరికే కొట్టు, ఏది అడిగినా చెప్తాను. ఈ నేల పాట ఏదని అడిగితే మాత్రం మొన్నటి చలికాలం దాకా నా దగ్గర జవాబు లేదు. వాయించేవాడిగా అది కాస్త సిగ్గుపడాల్సిన సంగతే.

ఉద్యోగం సాఫ్ట్‌వేర్, పిచ్చి ఘటం. త్యాగరాజ ఆరాధనలకి మస్కట్, దుబాయ్ వెళ్లి పక్కవాద్యం వాయించి వస్తుంటాను. నా ఘటం తమిళనాడులోని మానామదురైలో చేయించింది. మనామాలో ఉంటూ మానామదురై కుండ వాయిస్తున్నావని మిత్రులు ఆటపట్టిస్తారు. ఆ ఘటంతో దిగిన ఫొటో చూసి ఆఫీసులో ఒక బహ్రెయినీ సహోద్యోగి పెద్దగా నవ్వాడు. ‘ఇది మా జహ్లా! మా ముహర్రక్ వచ్చి విను’ అన్నాడు.

ముహర్రక్ అంటే మనందరికీ విమానాశ్రయం. కానీ ఇది ఒకప్పటి రాజధాని. గురువారం రాత్రి ఆ సందుల్లో నడవాలి. అంగడిలో కుంకుమపువ్వు వేసిన హల్వా వేడివేడిగా గిన్నెల్లో పోస్తుంటారు (మాడుగుల హల్వా తిన్న నోటికి ఇది కొంచెం జారుడుగా అనిపిస్తుంది, అయినా వదలబుద్ధి కాదు). పిల్లలు బంతాడుతుంటారు, ముసలివాళ్లు అరుగుల మీద గావా తాగుతుంటారు. ఈ సందుల గుండానే ముత్యాల బాట సాగుతుంది. గజ ఈతగాళ్లు, వర్తకులు కాపురమున్న ఇళ్లనూ సముద్రంలోని ముత్యపు చిప్పల మడులనూ కలిపి 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

పాట జరిగే ఇంటిని ‘దార్’ అంటారు. మన పల్లెల్లో భజన మందిరం లాంటిది. చుట్టూ గోడవారగా కూర్చున్నారు. మధ్యలో ‘నహ్హామ్’, అంటే ప్రధాన గాయకుడు. అతను గొంతెత్తగానే మిగతావాళ్లు అడుగు శ్రుతిలో ఒక హుంకారం పట్టారు. మన శ్రుతిపెట్టె కాదది, నేల కింద నుంచి వస్తున్నట్టుంది, కూర్చున్న చాపకి తెలిసింది. తర్వాత చప్పట్లు, మిర్వాస్ అనే చిన్న డోలు, చేతి తాళాలు. చివరికి జహ్లా. నీళ్ల కుండే! మనం ఘటం మూతిని పొట్టకి ఆనించి పక్కల మీద వేళ్లు ఆడిస్తాం. వాళ్లు మూతి మీదే అరచేతితో కొట్టి గాలిని పలికిస్తారు. దీన్ని ఫిజిరి అంటారు. 2021లో దీనికీ యునెస్కో గుర్తింపు వచ్చింది. జిన్నుల దగ్గర నేర్చుకున్నామని ముహర్రక్ వాళ్లు కథ చెప్పుకుంటారు. ఆ హుంకారం విన్నాక నమ్మేశాను.

నాకు కుండ ఇచ్చారు. ఆదితాళం బతుకంతా వేసినవాణ్ని, రెండు ఆవర్తాల్లో దారి తప్పాను. నేను బలంగా కొట్టేచోట వాళ్లు మౌనం, నేను ఆగేచోట చప్పట్ల వాన. పక్కనున్న పెద్దాయన నా మణికట్టు పట్టుకుని ఆపి, తెడ్డు వేస్తున్నట్టు చేతులు ఊపి చూపించారు. అప్పుడు అర్థమైంది. లెక్క వేళ్లలో లేదు, పడవలో ఉంది. తెరచాప ఎత్తడానికి, తెడ్లు వేయడానికి, నాలుగు నెలలు సముద్రంలో మనుషుల గుండె జారిపోకుండా చూడడానికి పుట్టిన పాటలివి. మన జాలర్ల ‘హైలెస్సా’ కూడా అదే పని చేసింది.

ఆ ముత్యాలు మనకి కొత్త కాదు. పత్తర్‌గట్టీ కొట్లలో మన అమ్మమ్మలు అడిగిన ‘బస్రా ముత్యాలు’ ఈ గల్ఫ్ నీళ్లవే. అవి బొంబాయి మీదుగా దేశానికి వచ్చేవి. మా సహోద్యోగి తాత గజ ఈతగాడు. ముక్కుకి చిమటా, కాలికి రాయి, నడుముకి తాడు. సీజన్ ముందు నఖుదా, అంటే మన సరంగు, అడ్వాన్సు ఇచ్చేవాడు. తిరిగొచ్చాక లెక్క చూస్తే బాకీయే మిగిలేది. మనిషి పోతే బాకీ కొడుకు మీదకి. 1920లలో సంస్కరణలు వచ్చాయి, 1932లో ఈతగాళ్లు తిరగబడ్డారు కూడా. అదే ఏడు ఇక్కడ చమురు పడింది. అప్పటికే జపాన్ పెంపకపు ముత్యాలు బజారును ముంచాయి.

నన్ను దింపడానికి వచ్చిన మా డ్రైవర్ తమ్ముడిది జగిత్యాల దగ్గరి ఊరు. నేను అనువదించి చెప్తుంటే విని, ‘మా ఏజెంటు బాకీ గిట్లనే ఉంటది సార్’ అన్నాడు నెమ్మదిగా. ఆ మాట సహోద్యోగికి ఇంగ్లిష్‌లో చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించాను. చెప్పాను. అతను లేచి, తన చేత్తోనే మా వాడికి గావా పోశాడు. చాలనడానికి ఫింజాన్ ఊపాలని మా వాడికి తెలియదు. నాలుగుసార్లు తాగాడు.

ఇప్పుడు పాడేవాళ్లలో ముత్యాల కోసం సముద్రంలో మునిగినవాళ్లు లేరు. ఇది ప్రదర్శనగా మారిపోతుందేమోనని పెద్దాయనకి బెంగ. ఉగాది వేదిక మీద రికార్డు పాటకి పెదవులు కదిపే మన పిల్లలు గుర్తొచ్చి నేనేమీ అనలేకపోయాను.

తిరుగు దారిలో మనామా దీపాలు నీళ్లలో కనిపిస్తుంటే, ‘ఆళ్ల బాకీ ఎప్పుడు తీరింది సార్?’ అని అడిగాడు మా వాడు. ఈతగాడి కొడుకు చమురు పనిలో చేరాకే తీరిందని దార్‌లో విన్నదే చెప్పాను. ‘నాకింక ఏడు నెలలు’ అన్నాడు. ఫోన్‌లో రికార్డు చేసిన పాట మళ్లీ పెట్టమన్నాడు. వంతెన దిగేదాకా స్టీరింగు మీద ఒక వేలితో తాళం వేస్తూనే ఉన్నాడు. నాకంటే సరిగ్గా వేశాడు.