కందెన నూనెలో కలిపే మందులు – తెలిసి వాడితే మేలు

మన ట్రస్టు సాయంతో పాలిటెక్నిక్, ఐ.టి.ఐ. చదివే పిల్లలకు పనికివచ్చే విషయం ఒకటి రాస్తున్నాను. నేను బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, ఇంజనీరును కాను. అయినా యంత్రాల నూనెల సంగతి తెలుసుకోవలసి వచ్చింది. అందుకు డబ్బు పోయింది. ఆ డబ్బు నాది కాదు, మా బావమరిదిది.

రెండు లోహపు ముక్కలు ఎంత నునుపుగా కనబడినా, సూక్ష్మంగా చూస్తే గుట్టలూ గుంటలే. మధ్యలో నూనె పొర ఉన్నంతసేపు ఒకదాని గుట్ట మరొకదానికి తగలదు. యంత్రం వేగంగా తిరిగేటప్పుడు ఆ పొర దానంతటదే నిలుస్తుంది. బరువు పెరిగినా, వేగం తగ్గినా, ఆపి మళ్ళీ నడిపినా పలచబడుతుంది. అప్పుడు లోహాన్ని లోహం రాసుకుంటుంది. ఆ సమయంలో ఉత్త నూనె కాపాడలేదు గనుక అందులో మందులు కలుపుతారు. హైడ్రాలిక్ ఆయిల్‌లో ఇవి ఒకటి రెండు శాతమే. ఇంజన్ ఆయిల్‌లో పదిహేను, ఇరవై శాతం దాకా ఉంటాయి.

మొదటి రకం మన పెద్దలకు తెలిసినదే. బండి ఇరుసుకు ఆముదంలో మసి కలిపి కందెన పెట్టేవారు. ఆముదపు అణువుకు ఒక కొస లోహాన్ని అంటుకుంటుంది, మిగతా తోక బయటికి నిలబడుతుంది. షోలాపూరు టవల్ మీద నూగు ఉన్నట్టే అనుకోండి. ఆ నూగు మీద నూగు జారుతుంది, లోహాలు తగలవు. క్యాస్ట్రాల్ అనే పేరు కూడా ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న క్యాస్టర్ అనే మాట నుంచే వచ్చింది.

రెండవది అరుగుదల తగ్గించే మందు. జింక్ డైఆల్కైల్ డైథయోఫాస్ఫేట్ అని పొడుగు పేరు, పొట్టిగా జెడ్.డి.డి.పి. నూనె చెడకుండా, బేరింగులు తినివేయబడకుండా 1940లలో వాడడం మొదలుపెట్టారు. అరుగుదలను కూడా ఆపుతుందని తరవాత తెలిసింది. రాపిడి జరిగిన చోటే గాజులాంటి పొర కడుతుంది. దాని మందం మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. లోహానికి బదులు ఆ పొర అరుగుతుంది, మళ్ళీ కడుతుంది. అయితే ఇందులోని భాస్వరం కార్ల పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. అందుకే 2004లో వచ్చిన ఎ.పి.ఐ. ఎస్.ఎమ్. ప్రమాణంలో పలుచని గ్రేడులకు భాస్వరం 0.08 శాతం మించరాదన్నారు. మందు ఎక్కువైతే మేలు ఎక్కువ అనే లెక్క ఇక్కడ చెల్లదు.

మూడవది ఇ.పి. మందు, అంటే విపరీతమైన ఒత్తిడికి వాడేది. ఇందులో గంధకం, భాస్వరం ఉంటాయి. పళ్ళు నొక్కుకుని వేడెక్కిన చోట ఇనుముతో కలిసి మెత్తని పొరగా మారి, పళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోకుండా చూస్తాయి. లారీ డిఫరెన్షియల్‌లో పోసే జి.ఎల్.-5 ఆయిల్ ఇదే. మా కథ దీనితోనే.

1994లో షోలాపూరులో మా బావమరిదికి నూలు అద్దే చిన్న కార్ఖానా, ఒక పాత లారీ ఉండేవి. ఆదివారాలు అతని లెక్కలు నేనే చూసేవాణ్ణి. అద్దకం యంత్రానికి వర్మ్ గేర్ బాక్స్ ఉంది. అందులో ఉక్కు మర, దానితో తిరిగే కంచు చక్రం. అక్కడ పళ్ళు దొర్లవు, జారతాయి, అందువల్ల బాగా వేడెక్కుతుంది. దానికి చిక్కటి ఖనిజ నూనెలో కొద్ది శాతం కొవ్వు కలిపిన ప్రత్యేకమైన ఆయిల్ వాడాలి. ఆ డబ్బా ఖరీదు ఎక్కువ. ఖాతాలో రెండు రకాల నూనెలు చూసి, "ఎందుకురా రెండు? లారీకి పోసే 140 గేర్ ఆయిల్ దీనికంటే గట్టిదంటారు కదా, అదే పోయించు" అన్నాను. "నువ్వు చెబితే సరే బావా" అన్నాడు.

కొన్ని నెలలకు గేర్ బాక్స్ మోత మొదలైంది. నూనె తీస్తే అందులో బంగారు పొడిలా మెరుపు. చక్రం పళ్ళు నల్లబడి, కొసలు కత్తుల్లా పలచబడ్డాయి. ముసలి మెకానిక్కు చూసి, "మందు మంచిదే సారూ, ఇనుముకు. కంచుకు మాత్రం విషం" అన్నాడు. వేడిలో గంధకం కంచులోని రాగిని తినేసింది. కొత్త చక్రం పోతపోయించి పళ్ళు కోయించడానికి మూడు వారాలు పట్టింది. ఆ నెల బ్యాంకు వాయిదాకు మా చెల్లెమ్మ గాజులు తాకట్టుకు వెళ్ళాయి. బావమరిది నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఖర్చును ఏ పద్దులో వేయాలో తోచక "మరమ్మతులు" అని నేనే రాశాను.

ఇప్పటి ఇ.పి. నూనెలలో రాగికి అంత హాని చేయనివీ ఉన్నాయి. అయినా యంత్రం చేసినవారు ఏది రాశారో అదే పోయాలి.

మోటారు సైకిలు నడిపే పిల్లలకు ఇంకొకటి. చాలా బళ్ళలో క్లచ్ కూడా ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. రాపిడి తగ్గించే మందు ఎక్కువున్న కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. అటువంటి బండికి డబ్బా మీద జె.ఎ.ఎస్.ఓ. ఎం.ఎ. లేదా ఎం.ఎ.2 అని ఉండాలి. ఎం.బి. అన్నది గేరు లేని స్కూటర్లకు.

ఇంజన్‌లో విడిగా పోయమని అమ్మే సీసాల విషయంలోనూ జాగ్రత్త. మంచి ఆయిల్‌లో మందులు తూకం ప్రకారం కలిపే ఉంటాయి. లోహం మీద చోటు కోసం అవి ఒకదానితో ఒకటి పోటీపడతాయి. పైనుంచి మరొకటి పోస్తే ఉన్నది పక్కకు పోవచ్చు. రుజువులేని గొప్పలు చెప్పినందుకు 1990ల చివర అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి అమ్మకందార్లు కొందరిమీద చర్య తీసుకుంది.

రాగికి నూనె హాని చేస్తుందా అన్నదానికి ఒక పరీక్ష ఉంది. మెరుగుపెట్టిన రాగి రేకును వేడి నూనెలో, సాధారణంగా 100 డిగ్రీల దగ్గర మూడు గంటలు, ముంచి రంగు చూస్తారు. 1 అంటే దాదాపు మారలేదని, 4 అంటే నల్లగా తినివేయబడిందని. ఎ.ఎస్.టి.ఎమ్. డి 130 అనే పేరుతో ఈ అంకె నూనె వివరాల కాగితంలో ఉంటుంది. 1 వచ్చినంత మాత్రాన కంచు గేర్లకు పనికివస్తుందని కాదు. 3, 4 ఉంటే మాత్రం దగ్గరికి రానివ్వకండి. డీలరును ఆ కాగితం అడగండి, అడిగితే ఇస్తారు. 1994లో నేను అడగలేదు.