జేబులో పట్టే మాగ్నమ్ రివాల్వర్: కొనే ముందు ఇవి తెలుసుకోండి

ఇచ్చోడ: "కొంటే ఏ రివాల్వర్ కొనాలి భాయ్? గొట్టం పొట్టిగ ఉండాలె, కుర్తా కింద కనపడొద్దు, దెబ్బ మాత్రం గట్టిగ ఉండాలె." పత్తి, సోయా సీజన్‌లో నగదుతో తిరిగే వ్యాపారుల దగ్గర, రాత్రిపూట 44వ నంబర్ జాతీయ రహదారి మీద బండి నడిపేవాళ్ల దగ్గర ఇలాంటి మాటలు నడుస్తుంటాయి. ఫోన్‌లో అమెరికా వీడియోలు చూసి చూసి 'మాగ్నమ్' అనే పేరు కూడా చాలామంది నోటికి వచ్చేసింది.

అడగడం తప్పు కాదు. ప్రాణభయం ఉన్న మనిషి లైసెన్స్ తీసుకుని ఆయుధం పెట్టుకోవడానికి మన చట్టంలో దారి ఉంది. కానీ ఏ మోడల్ కొనాలి అన్నది ఆఖరి ప్రశ్న. దానికన్నా ముందు చట్టం, ఖర్చు, ఇంట్లో పిల్లలు, మన కోపం, ఈ నాలుగూ చూసుకోవాలి. ఒక్కొక్కటిగా చూద్దాం.

మాగ్నమ్ అంటే ఏంది?

మాగ్నమ్ అనేది తుపాకీ కంపెనీ పేరు కాదు, తూటా రకం. పాయింట్ 357 మాగ్నమ్ 1935లో అమెరికాలో వచ్చింది. అంతకుముందున్న పాయింట్ 38 స్పెషల్ తూటా గొట్టాన్నే దాదాపు 3 మిల్లీమీటర్లు పెంచి, మందు ఎక్కువ దట్టించి తయారు చేశారు. అందుకే వేగం ఎక్కువ, దెబ్బ ఎక్కువ.

అయితే ఈ తూటా పూర్తి బలం చూపాలంటే తుపాకీ గొట్టం కొంచెం పొడుగు ఉండాలి. రెండంగుళాల గొట్టంలో మందు పూర్తిగా కాలకముందే గుండు బయటికి వెళ్లిపోతుంది. మిగిలిన మందు గొట్టం బయట మంటగా కాలుతుంది. అంటే మనం డబ్బు పెట్టి కొన్న వేగంలో కొంత పోతుంది. దాని బదులు కళ్లు చెదిరే మంట, చెవులు గింగురుమనే చప్పుడు వస్తాయి. తుపాకీ తేలికైన కొద్దీ చేతిని వెనక్కి గట్టిగా తన్నుతుంది. రెండో గుండు ఎటు పోతుందో అలవాటు లేని మనిషికి తెలియదు. దగ్గర దగ్గరగా ఇండ్లు, రేకుల షెడ్లు ఉండే మన బస్తీల్లో గురి తప్పిన గుండు పక్కింటి వాళ్లకు తగలొచ్చు. రోజూ సాధన చేసేవాళ్లకే అది కష్టమైన ఆయుధం. మనలాంటి వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

మన దేశంలో దొరికేది ఏది?

ఇక్కడ బజారు వేరు. సామాన్యులు విదేశీ తుపాకీ తెప్పించుకునే వీలు 1980ల నుంచే దాదాపు మూసుకుపోయింది. కాబట్టి పాత విదేశీ మాగ్నమ్‌లు లైసెన్స్ ఉన్నవాళ్ల మధ్య చేతులు మారుతుంటాయి. ధర లక్షల్లో ఉంటుంది. తూటాలు కూడా సులభంగా దొరకవు, దొరికినా ఖరీదే. సాధన చేయడానికి తూటాల్లేని తుపాకీ జేబులో బరువు తప్ప ఇంకేం కాదు.

మామూలు లైసెన్స్‌దారులు ఎక్కువగా కొనేది పాయింట్ 32 బోర్. కాన్పూర్‌లోని ప్రభుత్వ కర్మాగారం 2014లో మహిళల కోసమని 'నిర్భీక్' అనే తేలికపాటి రివాల్వర్ తెచ్చింది. బరువు అరకిలో కన్నా కాస్త ఎక్కువ. అప్పటి ధరే 1,22,360 రూపాయలు. 2023 ఆగస్టులో కాన్పూర్‌లోనే 'ప్రబల్' వచ్చింది. దీని గొట్టం 76 మిల్లీమీటర్లు, బరువు దాదాపు 700 గ్రాములు. ఇవి కాక పాయింట్ 22 బోర్‌లో 'నిడర్' అనే చిన్న రివాల్వర్ ఉంది, అది పావుకిలో మాత్రమే.

9 మిల్లీమీటర్ల పిస్టల్ లాంటి సైన్యం, పోలీసులు వాడే రకాలు 'నిషేధిత బోర్' కిందికి వస్తాయి. వాటి జోలికి మనం పోయేది లేదు. ఆ లైసెన్స్ ఇచ్చేది జిల్లా కలెక్టర్ కాదు, కేంద్ర హోంశాఖ.

పొట్టి గొట్టానికి ప్రశ్నలు ఎక్కువ

చాలామందికి తెలియని విషయం ఇది. 1959 ఆయుధ చట్టం సెక్షన్ 13 గొట్టం పొడవును బట్టి తేడా చూపుతుంది. రక్షణ కోసం 20 అంగుళాలకు తగ్గని నున్నని గొట్టమున్న (స్మూత్ బోర్) తుపాకీ అడిగితే ఒక లెక్క. రివాల్వర్ లాంటి చిన్న ఆయుధం అడిగితే 'సరైన కారణం' ఉందని అధికారికి నమ్మకం కలగాలి. దాచుకోవడానికి ఎంత వీలుంటే అంత గట్టి కారణం చూపాలన్నమాట. "వ్యాపారం చేస్త, భయమైతది" అంటే సరిపోదు. బెదిరింపు వస్తే ఠాణాలో ఇచ్చిన ఫిర్యాదు, ఎఫ్ఐఆర్ ఉంటే దాని కాపీ, నగదు పని నిజమేనని చూపే పన్ను కాగితాలు, ఇట్లాంటివి పెట్టుకోవాలి.

దరఖాస్తు ఫారం ఏ-1లో ఉంటుంది. ఆదిలాబాద్ జిల్లాలో కలెక్టర్‌కు పెట్టుకోవాలి, పోలీసుల విచారణ నివేదిక తప్పనిసరి. కరీంనగర్, రామగుండం లాంటి కమిషనరేట్ల పరిధిలో పోలీస్ కమిషనర్‌కు పెట్టుకోవాలి. వయసు 21 దాటి ఉండాలి. ఆరోగ్య ధ్రువపత్రం, ఆయుధం వాడటంలో శిక్షణ పత్రం, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు ఉందన్న హామీ ఇవన్నీ అడుగుతారు. 2019 సవరణ తర్వాత లైసెన్స్ కాలం 3 ఏండ్ల నుంచి 5 ఏండ్లయింది. ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి.

రెండు హక్కులు కూడా గుర్తుపెట్టుకోండి. ఆస్తిపాస్తులు లేవన్న ఒక్క కారణంతో లైసెన్స్ ఇవ్వననడానికి వీల్లేదు, చట్టంలోనే ఉంది. కాదంటే కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలి, దాని మీద పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. మధ్యలో "పని చేయిస్త" అని వచ్చే దళారులకు పైసా ఇవ్వకండి.

దాచిపెట్టడం ఇక్కడ ఇష్టం కాదు, రూలు

అమెరికాలో తుపాకీ కనపడేలా పెట్టుకోవాలా, బట్టల కింద దాచాలా అని పెద్ద చర్చ నడుస్తుంది. మన దగ్గర ఆ చర్చకు తావు లేదు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీ హోల్‌స్టర్‌లోనో, అలాంటి సంచిలోనో ఉండాలి. పూర్తిగా కప్పి ఉండాలి, మన అదుపులో ఉండాలి. తీసి చూపించడం, బెదిరించడం, గాల్లో కాల్చడం నిషేధం. లైసెన్స్ పోతుంది. పెళ్లి బారాత్‌లో సంబరానికి కాల్చి ఎవరి ప్రాణానికైనా ముప్పు తెస్తే 2 ఏండ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

మన దీన్‌లో ఈ మాట కొత్తది కాదు. మస్జిదులోనో బజారులోనో బాణాలతో నడిచేవాడు ఎవరికీ గుచ్చుకోకుండా వాటి మొనలు పట్టుకుని నడవాలని ప్రవక్త ముహమ్మద్ (స) చెప్పినట్టు సహీహ్ హదీసుల్లో ఉంది. తోటి సోదరుడి వైపు ఆయుధం చూపడాన్ని కూడా వారించారు, అది నవ్వులాటకైనా సరే.

ఇంకో మాట. మనది సరిహద్దు జిల్లా. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. లైసెన్స్‌లో రాసిన ప్రాంతం వరకే తుపాకీ తీసుకుపోవాలి. యవత్మాల్‌లో చుట్టాల ఇంటికి పోయేటప్పుడు నడుముకు ఉందన్న సంగతి మర్చిపోతే కేసే. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు ఆయుధం ఠాణాలో అప్పగించమని ఆదేశం వస్తే అప్పగించాలి, రశీదు తీసుకోవాలి.

తాటిగూడ మనకు చెప్పేది

ఇదంతా కాగితం మీద మాట అనుకునేవాళ్లు 2020 డిసెంబర్ 18ని గుర్తుచేసుకోవాలి. ఆదిలాబాద్ పట్టణం తాటిగూడలో పిల్లల క్రికెట్ ఆట దగ్గర మొదలైన గొడవ పెద్దల దాకా వచ్చింది. అప్పటి మజ్లిస్ జిల్లా అధ్యక్షుడు, మున్సిపాలిటీ మాజీ వైస్ ఛైర్మన్ ఫారూఖ్ అహ్మద్ తన లైసెన్స్ తుపాకీతో కాల్పులు జరిపాడు. ముగ్గురు గాయపడ్డారు. వాళ్లలో ఒకరు హైదరాబాద్ నిమ్స్‌లో చికిత్స పొందుతూ చనిపోయారు. 2022 జనవరిలో ఆదిలాబాద్ కోర్టు ఫారూఖ్ అహ్మద్‌కు యావజ్జీవ శిక్ష వేసింది.

అది నాటు తుపాకీ కాదు. లైసెన్స్ ఉంది. కాల్చిన మనిషి హోదా ఉన్నవాడు. కాల్చింది దొంగల మీద కాదు, ఒకే బస్తీలో ఉండేవాళ్ల మీద. జేబులో ఆయుధం లేకపోతే ఆ గొడవ తిట్లతోనో, కర్రలతోనో ఆగిపోయేదేమో. తొందరగా తీయడానికి వీలుగా ఉండే పొట్టి రివాల్వర్‌లో ఉన్న అసలు ప్రమాదం ఇదే. అది దొంగ వచ్చినప్పుడు ఎంత తొందరగా చేతికి వస్తుందో, కోపం వచ్చినప్పుడు కూడా అంతే తొందరగా వస్తుంది.

ఆత్మరక్షణ హక్కు ఎంతవరకు?

2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులో ఉంది. ఆత్మరక్షణ సంగతి దాని 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది. ప్రాణం పోతుందన్న నిజమైన భయం, అత్యాచారం, అపహరణ లాంటి దాడి ఉన్నప్పుడు ఎదుటివాడి ప్రాణం పోయినా రక్షణ దొరకొచ్చు. కానీ పోలీసుల సాయం తీసుకునే టైం ఉంటే ఆ హక్కు లేదు. అవసరానికి మించి హాని చేసినా లేదు. పారిపోతున్న దొంగ వీపు మీద కాల్చి "ఆత్మరక్షణ" అంటే కోర్టులో నిలబడటం కష్టం. తిట్టాడనో, స్థలం గెట్టు జరిపాడనో కాల్చితే అసలే కుదరదు.

ఇల్లు చూసుకోండి

మనవి ఎక్కువగా ఉమ్మడి కుటుంబాలు. అమ్మీ అబ్బా, అన్నదమ్ముల పిల్లలు, పండుగకు వచ్చే చుట్టాలు. దిండు కింద, బీరువా బట్టల మధ్య దాచిన తుపాకీ పిల్లలకు దొరకడానికి ఎక్కువ రోజులు పట్టదు. తాళం ఉన్న ఇనుప పెట్టె, తూటాలు వేరేచోట, తాళంచెవి ఒక్కరి దగ్గరే. కానీ అలా తాళం వేస్తే అర్ధరాత్రి తొందరగా చేతికి రాదు. తొందరగా చేతికొచ్చేలా పెడితే పిల్లలకు ప్రమాదం. ఈ చిక్కుముడికి ఏ మోడల్ దగ్గరా జవాబు లేదు. ఇంట్లో ఎవరైనా దిగులుతో, అప్పుల బాధతో, తాగుడుతో ఉంటే తుపాకీ ఆలోచనే మానుకోవాలి.

నాటు తుపాకీ వద్దే వద్దు

లైసెన్స్ ఆలస్యమైందని కొందరు 'కట్టా' వైపు చూస్తారు. చవకగా దొరుకుతుందని ఆశ. లైసెన్స్ లేకుండా మామూలు తుపాకీ దగ్గర పెట్టుకుంటేనే 2 నుంచి 5 ఏండ్ల జైలు, జరిమానా. నిషేధిత రకమైతే 7 నుంచి 14 ఏండ్లు. ఎదురుగా ఉన్నవాడి కన్నా పట్టుకున్నవాడి చేతిలోనే పేలే ప్రమాదం అదనం. ఒక పిల్లవాడి మీద ఆయుధాల కేసు పడితే వాడి ఉద్యోగం, పాస్‌పోర్టు, గల్ఫ్ వీసా, ఇంట్లో చెల్లెలి సంబంధం అన్నీ దాని చుట్టే తిరుగుతాయి.

మరి భయం ఉంటే?

ఖర్చు లెక్క వేసుకోండి. తుపాకీ, పెట్టె, శిక్షణ, తూటాలు, ఆఫీసుల చుట్టూ తిరిగే రోజులు కలిపితే రెండు లక్షలు దగ్గర పడుతుంది. అందులో కొంచెం పెడితే దుకాణానికి, ఇంటికి సీసీ కెమెరాలు, మంచి షట్టర్ తాళం, వెలుతురు వస్తాయి. పంట డబ్బు బ్యాంకు ఖాతాలోనే వేయించుకుంటే సంచిలో నగదు మోసే పనే తగ్గుతుంది. తప్పనప్పుడు ఇద్దరు కలిసి, పగటిపూట, దారి మార్చి వెళ్లాలి. బెదిరింపు వస్తే డయల్ 100, రాతపూర్వక ఫిర్యాదు. రేపు లైసెన్స్ కావాలన్నా ఆ ఫిర్యాదే మీకు ఆధారం.

ఇవన్నీ చేసినా ప్రాణభయం పోకపోతే అప్పుడు లైసెన్స్‌కు పెట్టుకోండి. దొరికాక మాగ్నమ్ మోజు పక్కనపెట్టి, తూటాలు దొరికే, మీ చేతికి అదుపయ్యే పాయింట్ 32 బోర్ చూడండి. కొనే ముందు ఇంటి ఆడవాళ్లను కూర్చోబెట్టి అడగండి: "నా కోపం మీద మీకు నమ్మకముందా?" వాళ్లు వెంటనే ఔనని చెప్పలేకపోతే ఆ డబ్బు బ్యాంకులోనే ఉండనివ్వండి.