సాఫ్ట్‌వేర్ నిర్దేశవాక్యాలు – శాస్త్రదృష్టి

కంప్యూటర్ వ్యవస్థను నిర్మించుటకు ముందు, అది ఏమి చేయవలెనో తెలిపే పత్రమొకటి సిద్ధమవుతుంది. అందలి ప్రతి వాక్యమూ ఒక విధివాక్యమే. వాక్యార్థనిర్ణయం మీమాంసకులకు, లక్షణపరీక్ష నైయాయికులకు ప్రధానవిషయాలు. కావున ఆ శాస్త్రాల పరిభాష ఇట్టి పత్రాల గుణదోషవిచారణకు మిక్కిలి ఉపకరిస్తుంది.

"గ్రంథాలయ వ్యవస్థ పుస్తకాలను త్వరగా వెదకి చూపాలి, గడువు దాటితే తెలియజేయాలి" అనే నిర్దేశాన్ని పరిశీలింపవచ్చు. ఇందు రెండు విధులు ఒకే వాక్యంలో చేరినందున వాక్యభేదదోషం కలుగుతున్నది. ఒకటి నెరవేరి, రెండవది నెరవేరనిచో వాక్యం పాటింపబడినదో లేదో తేల్చలేము. "త్వరగా" అనుటకు పరిమాణం లేదు. "తెలియజేయాలి" అన్నచోట ఎవరికి, ఎప్పుడు అనే ఆకాంక్ష తీరకుండానే మిగులుతున్నది.

రోల్స్‌రాయిస్ సంస్థలో అలిస్టర్ మావిన్ ప్రభృతులు రూపొందించి 2009లో ప్రకటించిన 'ఇయర్స్' పద్ధతి ఇట్టి దోషాలను తగ్గించుటకు ఉద్దేశింపబడినది. అందు నిర్దేశాలు ఐదు విధాలు: సర్వదా వర్తించేవి, ఒక ఘటన జరిగినప్పుడు వర్తించేవి, ఒక స్థితి ఉన్నంతవరకు వర్తించేవి, ఒక ప్రత్యేక సదుపాయం ఉన్నచోట వర్తించేవి, అవాంఛితపరిస్థితి ఏర్పడినప్పుడు వర్తించేవి. మొదటిది నిత్యవిధిని, తక్కినవి నైమిత్తికవిధులను తలపింపజేస్తాయి. నిమిత్తం ముందు, కర్త పిదప, కార్యం చివర ఉండడం ఇందలి క్రమం. ఆ ప్రకారం పై వాక్యం రెండవుతుంది: "పాఠకుడు గ్రంథనామాన్ని నమోదు చేసినప్పుడు, వ్యవస్థ 2 సెకనులలోపు ఆ గ్రంథం ఉన్న స్థానాన్ని చూపాలి." "గడువు దాటిన మరునాడు, వ్యవస్థ ఆ గ్రంథాన్ని తీసుకొన్న పాఠకునికి సందేశం పంపాలి." ఈ రెండింటినీ వేర్వేరుగా పరీక్షింపవచ్చును.

అయితే వాక్యశుద్ధి ఒక్కటే చాలదు. 1996 జూన్ 4న ఏరియాన్-5 రాకెట్టు ప్రయాణక్రమం ఆరంభమైన సుమారు 40 సెకనులకే నశించినది. ఏరియాన్-4 నుండి గ్రహింపబడిన సాఫ్ట్‌వేర్‌లో, సమతలవేగానికి సంబంధించిన 64 బిట్ల సంఖ్య 16 బిట్లలో ఇమడకపోవడం అందుకు కారణం. కొత్త రాకెట్టు ప్రయాణమార్గపు వివరాలు ఆ పరికరపు నిర్దేశాలలో చేర్చబడలేదని విచారణసంఘం తేల్చినది. లక్షణం లక్ష్యమంతటికీ అందకపోవడం అవ్యాప్తి, ఇదియు అట్టిదే.

మీమాంసకునికి వేదవాక్యం అపౌరుషేయం. సందేహం కలిగినచో ప్రశ్నించుటకు వక్త లేడు, న్యాయాలే శరణ్యం. సాఫ్ట్‌వేర్ నిర్దేశానికి వక్త ఎదుటనే ఉన్నాడు. కావున సంశయాన్ని వ్యాఖ్యానానికి విడువక, నిర్మాణానికి పూర్వమే అతనిని అడిగి తీర్చుకొనడం నిర్దేశకర్త ప్రథమకర్తవ్యం.